ఎడమ అద్దం

అద్దాలక్క కొట్టు తలుపుకి ఒక అట్టముక్క వేలాడుతుంటుంది. "తుడవకుండా తెండి" అని దాని మీద లావుపాటి అక్షరాలు. చదివి నవ్వనివాళ్ళు లేరు, చదివి ఆ మాట విన్నవాళ్ళూ లేరు. బాగుచెయ్యమని ఇచ్చే వస్తువును మురికితో ఎలా ఇస్తామని అందరికీ మహా మర్యాద. గుమ్మంలోనే ఆగి, చొక్కా అంచు పైకి లాగి, అద్దం మీద హా అని ఊది, బరబరా రుద్ది మరీ లోపలికి వస్తారు. ఆ చప్పుడు చెవిన పడితే చాలు, బల్ల దగ్గర కూర్చున్న ఆమెకి ఒళ్ళు మండిపోతుంది.

"ఆగవయ్యా బాబూ! అద్దం తుడుస్తున్నావా, గిన్నె తోముతున్నావా?" అని లోపల్నించే అరుస్తుంది. రేవు వీధిలో గాలికే ఉప్పుంటుంది. ఆ ఉప్పు అద్దం మీద పేరుకుని ఆరిపోయాక పొడిగుడ్డతో రుద్దితే గరుకు కాగితం పెట్టి రుద్దినట్టే. కళ్ళజోళ్ళు, కెమెరాలు, పడవల మీద వాడే బైనాక్యులర్లు, ఏది వచ్చినా ఆమెకు ముందు కనిపించేవి ఆ మర్యాదస్తులు గీసిన గీతలే.

సోమవారం పొద్దున వచ్చిన మనిషి మాత్రం తుడవలేదు. గుమ్మం ముందు నిలబడి అట్ట మీది మాట ఒకటికి రెండుసార్లు చదువుకుంది. తర్వాత రెండు చేతులతో పట్టుకున్న తోలుపెట్టెను కుదపకుండా తెచ్చి బల్ల మీద పెట్టింది. ముప్పై ఏళ్ళుంటాయేమో, చేతుల దగ్గర ఫినాయిలు వాసన. రేవు కాపలా టవర్ ఊడ్చి తుడిచే అమ్మాయి. మూడేళ్ళుగా పొద్దున్నే బకెట్ పట్టుకుని ఆ వీధిలో వెళ్ళడం అద్దాలక్క చూస్తూనే ఉంది. పలకరించింది మాత్రం లేదు.

"అద్దాలు ముట్టుకున్నావా?" అలవాటు కొద్దీ కసిరింది అద్దాలక్క.

"లేదక్కా. తుడవద్దని రాశారు కదా."

"రాసి పదకొండేళ్ళయింది తల్లీ. చదివి విన్నది నువ్వొక్కదానివే. కూర్చో."

ఆ అమ్మాయి కూర్చోలేదు. నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి జేబులోంచి తీసి ఇచ్చింది. రేవుకి కొత్తగా వచ్చిన ఆఫీసరు రాసిన కాగితం అది. తనిఖీలో టవర్ బైనాక్యులర్ మసకబారి, గీతలు పడి కనిపించిందట. గది శుభ్రం చేసే మనిషి ఫినాయిలు గుడ్డతో అద్దాలు తుడవడం వల్లే ఇలా అయిందని అనుమానమట. పరీక్షించి, బాగుచేసి, కారణం రాసి, సంతకం పెట్టి ఇస్తే, దాన్నిబట్టి ఆమెను పనిలోంచి తీసేస్తారట.

అద్దాలక్క కాగితం మీంచి తలెత్తింది. "చేశావా?"

"పెట్టెకి పైన తోలు తుడుస్తానక్కా. లోపలిదాని జోలికి పోను."

"మరి ఆ మాట సారుతో చెప్పలేదా?"

"గది తుడిచేదెవరు అనడిగారు. నేనే అన్నాను. ఇంకేం అడగలేదు." పెట్టె వైపు చూపించి, "శుక్రవారం పొద్దున సారే వచ్చి తీసుకుంటానన్నారు" అంది.

"గద్దన్న ఏమంటాడు దీనికి?"

ఆ పేరు వినగానే ఆ అమ్మాయి మొహంలో రంగు మారింది. "అన్న ఊళ్ళో లేడక్కా. చెల్లెలికి ఒంట్లో బాగాలేదని తనిఖీకి ముందే వెళ్ళాడు, గురువారం వస్తాడు. ఆయనకి ఈ సంగతి తెలియనివ్వకండి, మీకు పుణ్యముంటుంది."

గద్దన్న అంటే టవర్ మీద కాపలా మనిషి. ఎంత దూరాన పడవ కదిలినా ఇట్టే పట్టేస్తాడని రేవంతా ఆయనకి ఆ పేరు పెట్టింది. అద్దాలక్క ఇంట్లో అయితే ఆ పేరంటే మరీ గౌరవం. పోయిన ఏడాది తుఫానుకి ముందురోజు ఆమె భర్త చిన్నపడవ బోర్లా పడితే, టవర్ నుంచి చూసి మరపడవను పంపించారు. రేవువాళ్ళు గద్దన్నకి మెప్పు కాగితం కూడా ఇచ్చారు. ఆ రోజు దెబ్బతిన్న భుజంతో ఆమె భర్త మళ్ళీ సముద్రం మీదికి వెళ్ళలేదు. కొట్టులో గడియారాలకి బెల్టులు మారుస్తూ, గంటకోసారి టీ కాస్తూ, వచ్చినవాళ్ళందరికీ గద్దన్న కథ చెబుతూ ఉంటాడు.

ఇప్పుడూ టీ గ్లాసులతోనే వచ్చాడు. ఆ అమ్మాయి ఒక గ్లాసు అందుకుంటూ, "ఎడమ భుజం నొప్పి తగ్గిందా అన్నా?" అనడిగింది.

"ఏదో, వాన వస్తే లాగుతుంది" అన్నాడాయన. ఆమె వెళ్ళిపోయాక మాత్రం, "అదేమిటే, ఈ అమ్మాయికి నా భుజం సంగతి ఎలా తెలుసు?" అన్నాడు.

"ఈ వీధిలో నీ భుజం సంగతి తెలియనిదెవరికి? కాకులకి కూడా చెప్పావు కదా!" అని అద్దాలక్క పెట్టె మూత తీసింది.

మూత తీశాక ఇక ఆమెకి పక్కన పిడుగు పడినా వినిపించదు. బల్లదీపం దగ్గరికి లాక్కుని, బైనాక్యులర్‌ను తెల్లగుడ్డ మీద పడుకోబెట్టింది. సముద్రం పని కోసం చేసిన బరువైన రకం అది. దూరం సరిచేసుకోవడానికి మధ్యలో చక్రం ఉండదు, ఏ కంటికి ఆ కన్ను విడివిడిగా ఒక రింగు ఉంటుంది. ముందు రబ్బరు బుడ్డితో నాలుగువైపులా గాలి ఊదింది. మెత్తటి కుంచెతో అంచుల్లో ఇసక రాల్చింది. అప్పుడు భూతద్దం కంటికి తగిలించుకుని వంగింది.

కంటి దగ్గరి కుడి అద్దం మీదికి దీపం ఇంకాస్త వంచింది. గుండ్రంగా, ఒకదాని మీద ఒకటిగా వందల గీతలు. పైపూత దాదాపు లేచిపోయింది. ఏ పుణ్యాత్ముడో రోజూ చొక్కాతో రుద్దాడు, ఒకరోజు కాదు, రెండు రోజులు కాదు. ఫినాయిలు మరక ఎక్కడా లేదు. "చూశావా, ఆ అమ్మాయి చెప్పింది నిజమే" అని ఆమె తనలో తను గొణుక్కుని, ఎడమవైపు తిప్పింది.

ఎడమ అద్దం మీద ఒక్క గీత లేదు. కాస్త దుమ్ము, అంతే. కుంచె తగలగానే పూత ఊదారంగులో మెరిసింది. కన్ను ఆన్చుకునే రబ్బరు తొడుగు కుడివైపు అరిగి మెత్తబడిపోయింది, ఎడమవైపు కొట్టులో కొన్నప్పటి బిగుతు అలాగే ఉంది. కుడి రింగు వేలితో తోస్తే తిరిగింది. ఎడమ రింగు రెండు చేతులా పట్టి తిప్పినా కదల్లేదు. లోపలి గ్రీజు ఏళ్ళ తరబడి కదలిక లేక జిగురులా గట్టిపడింది.

అద్దాలక్క భూతద్దం తీసి బల్ల మీద పెట్టింది. ఊడ్చే మనిషి తుడిస్తే రెండూ తుడుస్తుంది. ఒకటే అరిగిందంటే, ఎవరో ఒకే కన్నుతో చూస్తున్నారు. టవర్ మీద దీన్ని రోజంతా చూసేది ఒక్కరే.

"ఏమైందే, దెయ్యాన్ని చూసినట్టు అయిపోయావు?" అన్నాడు భర్త.

"ఏం కాలేదు, పని చూసుకో" అంది ఆమె. కానీ చేతులు పని మీదికి పోలేదు.

మంగళవారం టీ వేళకి ఆమే కబురు పెట్టి ఆ అమ్మాయిని పిలిపించింది. ఏం అడగకుండా తన సొంత బైనాక్యులర్ చేతికిచ్చి, "వీధి చివర నీళ్ళ ట్యాంకు మీద ఏం రాసుందో చదువు" అంది.

ఆ అమ్మాయి చేతులు తుడుచుకుని, పట్టీ మెడలో వేసుకుని, దాన్ని పైకెత్తింది. ఎత్తుతూనే ఎడమ కన్ను గట్టిగా మూసుకుంది. "పంతొమ్మిది... కిందేదో రంగు పోయింది... పక్కన పిట్టగూడు ఉందక్కా, రెండు పిల్లలు" అని గడగడా చెప్పేసింది. ట్యాంకు మీద పిట్టగూడు ఉందని అద్దాలక్కకే తెలియదు.

"ఎడమ కన్ను ఎందుకు మూశావు?"

"మూసుకునే కదక్కా చూడాలి!"

"మరి రెండు గొట్టాలు ఎందుకు పెట్టారనుకున్నావు?"

ఆ అమ్మాయి ఆలోచించింది. "ఒకటి పాడైతే ఇంకోటి ఉంటుందని."

అద్దాలక్కకి నవ్వాగలేదు. "ఓసి నీ తెలివి బంగారం కాను! ఎవరు నేర్పారే నీకీ చూడటం?"

"గద్దన్న. ఆయన ఇలాగే..." అని, తన నోటిని తనే పట్టుకున్నట్టు ఆగిపోయింది. టీ గ్లాసు బల్ల మీద పెట్టేసింది.

"ఆయన ఎడమ కన్ను ఎన్నాళ్ళ నుంచి కనబడదు?" అద్దాలక్క గొంతు తగ్గించి అడిగింది.

"రెండేళ్ళు దాటిందక్కా. ఒక్క కన్ను పోయినా ఆ కాపలా కుర్చీలో ఉండనివ్వరు. ఆయనకి ఆ కుర్చీ తప్ప ఇంకేం లేదు, ఆ టవరే ఇల్లు." ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నేను తెల్లారకముందే పనికొస్తాను, మా పాపని బడికి దింపే రాత నాకు లేదు. ఒకరోజు నేను ఏడుస్తుంటే చూసి, ఇలా రా అని దీన్ని నా చేతిలో పెట్టాడు. కొండ మీద బడి మెట్లు ఇంత దగ్గరగా కనిపించాయక్కా. మా పాప సంచీ తగిలించుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతోంది. అప్పటినుంచీ రోజూ ఆ వేళకి, 'రావమ్మా, మీ పాప వచ్చే టైమయింది' అని ఆయనే పిలుస్తాడు. ఒక్కరోజు మరిచిపోలేదు. ఆయన మీదికి ఈ మాట రానివ్వకండి. నేనే తుడిచి పాడుచేశానని రాసెయ్యండి. నాకు ఇంకో చోట చీపురు దొరక్కపోదు."

"నీకేమన్నా మతిపోయిందా?" అంది అద్దాలక్క. తిట్టినట్టే అంది కానీ ఆ తిట్టులో పస లేదు. ఆ అమ్మాయి చేతులు రెండూ జోడించబోతే పట్టుకుని కిందికి దించేసింది. ఆ అమ్మాయి బకెట్ పట్టుకుని టవర్ వైపు వెళ్ళిపోయింది.

బుధవారం అద్దాలక్క పొద్దున్నే పని మొదలుపెట్టింది. మనసు బాగాలేనప్పుడు చేతికి పని ఇవ్వాలన్నది ఆమె పద్ధతి. పక్క మూతల మరలు విప్పి, ఏ మర ఎక్కడిదో అదే వరుసలో మైనం ముద్దలో గుచ్చింది. లోపలి పట్టకాలను కదిపే ముందు వాటి చుట్టూ పెన్సిల్‌తో గీత గీసింది. వెంట్రుకంత అటూ ఇటూ అయినా ఒక పడవ రెండు పడవలై కనిపిస్తుంది. చెమ్మ చేరి లోపల బూజు పాకింది, సాలీడు దారాల్లా సన్నగా. దూది పుల్లకి చుట్టి, మందునీళ్ళలో ముంచి, విదిలించి, మధ్యలోంచి అంచుకి ఒక్కసారి తిప్పడం, ఆ దూది పారెయ్యడం, కొత్త దూది చుట్టడం. ఒకసారి అద్దానికి తగిలిన దూది రెండోసారి తగలకూడదు. పక్కన వాడేసిన దూది పిలకలు చిన్న కుప్పయ్యాయి. ఉప్పు మాత్రం తుడిస్తే పోయేది కాదు. శుద్ధి చేసిన నీళ్ళ చుక్క దాని మీద నిలబెట్టి, అది కరిగేదాకా ఓపిగ్గా కాచుకోవాలి.

కుడి అద్దం ఇక బాగుపడేది కాదు. ఆమె దగ్గర అదే కంపెనీవాళ్ళ విరిగిపోయిన బైనాక్యులర్ ఒకటి మూలన పడి ఉంది. దాన్లోంచి కంటి అద్దం ఊడదీసి, కడిగి, ఆరబెట్టి, కుడి గొట్టానికి బిగించింది. ఎడమ రింగు విడిపించడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. పాత గ్రీజు కరిగించి, గోకి, కొత్తది బియ్యపుగింజంత పూసి, తిప్పీ తిప్పీ చేసేసరికి చివరికది నిట్టూర్చినట్టు కదిలింది.

అప్పటికి భర్తకి సంగతంతా తెలుసు. ఒకే ఇంట్లో ఉండి ఆయన దగ్గర దాచడం ఆమెకి చేతకాదు. ఆయన టీ గ్లాసు పక్కన పెట్టి, గొంతు సవరించుకుని, మొహం ఎటో పెట్టి అన్నాడు.

"ఆ అమ్మాయే అంది కదా, అలాగే రాసెయ్యి."

"ఏమన్నావు?"

"నా మీద అరవకు. ఆమెకి చిన్న వయసు, చేపల గోదాములో నేను చెబితే రేపే పనిలో పెట్టుకుంటారు. గద్దన్న ఈ వయసులో ఎక్కడికి పోతాడే? ఆయన చూడకపోతే నేనీపాటికి చేపలకి మేతనయ్యేవాణ్ణి. నీకు ఈ టీ కాచి ఇచ్చేవాడు ఉండేవాడు కాదు."

"అందుకని చెయ్యని తప్పు ఆ పిల్ల నెత్తిన రుద్దమంటావా? నీకు నోరెలా వచ్చింది?"

ఆమె కసిరింది. ఆయన తలొంచుకుని ముందుగదిలోకి పోయాడు. పోయాక ఆమె సొరుగు లాగి తెల్లకాగితం తీసింది. ఎందుకు తీసిందో ఆమెకే తెలియదు. తీసి, కలం మూత విప్పి, "ఊడ్చే మనిషి అజాగ్రత్త వల్ల" అని నాలుగు మాటలు రాసింది కూడా. ఆ నాలుగు మాటలూ ఆమె చేతిరాతతో, ఆమె మొహంలోకే చూస్తున్నాయి. ఆమెకి సిగ్గేసింది. పక్కనే బల్ల మీద ఎడమ అద్దం, ఒక్క గీత లేకుండా. కాగితం నాలుగు ముక్కలు చేసి, దూది కుప్పలోకి తోసేసింది. నాలుగు మాటలైతే ఏం, రాసింది రాసినట్టే, అది ఆ తర్వాత కూడా ఆమె మరిచిపోలేదు.

గురువారం మధ్యాహ్నం గుమ్మంలో గద్దన్న నిలబడ్డాడు. చేతిలో ప్రయాణం సంచీ అలాగే ఉంది. అద్దాలక్క భర్త బస్సు దిగే చోటికే వెళ్ళి ఎదురుచూసి, ఉన్నదంతా చెప్పేశాడు. కడుపులో మాట దాచుకోలేని మనిషి.

"ఆ అమ్మాయిని తీసేస్తారటగా" అన్నాడు గద్దన్న. పొడుగాటి మనిషి, గుమ్మంలో తల వంచాడు. ఆయన ఎప్పుడూ ఎడమవైపు గోడకి దగ్గరగా నడుస్తాడని, మనిషితో మాట్లాడేటప్పుడు మొహం కాస్త ఎడమకి తిప్పి కుడి కన్ను ముందుకు పెడతాడని అద్దాలక్కకి ఇప్పుడు కనిపించింది. ఇన్నేళ్ళూ అది దర్జా అనుకుంది.

"రా అన్నా. ముందు ఇది చూడు" అని పూర్తిచేసిన బైనాక్యులర్ అందించింది.

ఆయన మేడ మెట్లెక్కి, డాబా గోడకి మోచేతులు ఆన్చి, ఎడమ కన్ను మూసి చూశాడు. దించాడు, మళ్ళీ ఎత్తాడు.

"కనిపిస్తోందమ్మా" అన్నాడు. "ఉన్న ఒక్క కన్నుకీ మసక వస్తోందనుకున్నాను. ఆర్నెల్ల నుంచి నిద్ర లేదు. కన్ను కాదు, అద్దమే మురికి, అద్దమే మురికి అని మనసుకి చెప్పుకుని, రోజుకి ఇరవైసార్లు తుడిచాను. తుడిచినకొద్దీ మసక పెరిగేది."

"చొక్కాతోనా?"

"చొక్కాతోనే."

ఇంకొకరైతే ఆమె నోటికి అడ్డుండేది కాదు. "పోనీలే అన్నా" అంది. "నీ కన్ను బాగుంది. గీతలు అద్దం మీదే."

గద్దన్న ఆ మాటని అప్పు తీరినవాడిలా విన్నాడు. తర్వాత బైనాక్యులర్‌ను రెండు చేతులతో ఆమెకి తిరిగి ఇచ్చేశాడు. "రేపు సారు ఎన్నింటికి వస్తాడు? నేనూ వస్తాను. చూసినవన్నీ రాసే టవర్ రిజిస్టర్ తెస్తాను" అన్నాడు.

"వద్దన్నా. ఫినాయిలు కాదని మాత్రం రాస్తాను, అది నిజమే. మిగతాది..."

"ఆయన ఒక్క కుడి అద్దమే ఎందుకరిగిందని అడుగుతాడు. అడక్కపోయినా, నువ్వు నాకోసం కాగితం మీద తడబడటం నాకు ఇష్టం లేదు." సంచీ భుజానికి తగిలించుకున్నాడు. మెట్ల దగ్గర ఆగి, "ఆ అమ్మాయి నన్ను కాపాడాలనుకుందా?" అనడిగాడు. అద్దాలక్క తలూపింది. ఆయన ఎడమ చేత్తో గోడ తడుముకుంటూ దిగాడు.

శుక్రవారం బడి గంటకి ఇంకా అరగంట ఉండగా ఆఫీసరు వచ్చాడు. సన్నటి మనిషి, ఇస్త్రీ మడతలు, మాట పొదుపు. గుమ్మంలో అట్టముక్క చదివి కళ్ళజోడు తియ్యబోయి, తుడవకుండా మళ్ళీ పెట్టేసుకున్నాడు. కొట్టులో అప్పటికే గద్దన్న స్టూలు మీద ఉన్నాడు, ఒళ్ళో లావుపాటి రిజిస్టర్. ఊడ్చే అమ్మాయి ఆయన్ని చూసి బిత్తరపోయి గోడకి అతుక్కుంది.

అద్దాలక్క తను రాసిన కాగితం ఇచ్చింది. ఫినాయిలు ఆనవాలు లేదు, కుడి కంటి అద్దం ఉప్పుతో పొడిగా తుడవడం వల్ల అరిగింది, ఎడమది వాడనే లేదు. మూడు వాక్యాలు, కింద సంతకం.

ఆఫీసరు చదివి, "ఎడమది వాడలేదంటే?" అన్నాడు.

"నాకు ఎడమ కన్ను లేదు సార్" అన్నాడు గద్దన్న లేచి నిలబడి. "రెండేళ్ళు దాటింది. తుడిచింది నేను, దాచింది నేను. ఈ అమ్మాయి అద్దం ముట్టుకోలేదు."

"అన్నా!" అంది ఆ అమ్మాయి.

"ఊరుకోమ్మా." ఆయన రిజిస్టర్ తెరిచి ఆఫీసరు ముందు పెట్టాడు.

ఆఫీసరు కోపం తెచ్చుకుంటాడని అందరూ చూశారు. ఆయన మాత్రం వేలితో పేజీ మీద ఒకచోట తట్టాడు. "తనిఖీ రోజు నన్ను చంపుకుతిన్నవి ఈ చుక్కలు. కొన్ని వరసల పక్కన ఎర్రచుక్క ఉంది, కొన్నిటికి లేదు. ఎవర్నడిగినా తెలియదన్నారు."

"నా పక్కన నిలబడి ఆమె చూసి చెప్పినవి సార్. ఎడమవైపు నాకు అందనివన్నీ. రాసేది నేను, కానీ నేను చూడనిది చూశానని రాయలేక చుక్క పెట్టాను. పేరు రాస్తే నా సంగతి బయటపడుతుంది. చుక్క దాకానే నాకు ధైర్యం సరిపోయింది." పేజీ మడత వేలితో సరిచేశాడు. "మీ ముందువాళ్ళు నాకిచ్చిన మెప్పు కాగితం కూడా చుక్కదే."

ఆఫీసరు పేజీలు వెనక్కి తిప్పి, పైకి చదివాడు. "పోయిన ఏడాది, తుఫానుకి ముందురోజు. ఎడమవైపు బోర్లా పడిన చిన్న పడవ. ఎర్రచొక్కా ఊపుతున్న మనిషి." వేలు పక్కకి జరిపాడు. "చుక్క."

ముందుగదిలోంచి టీ పళ్ళెంతో వస్తున్న అద్దాలక్క భర్త అక్కడే ఆగిపోయాడు. గ్లాసులు గలగలలాడాయి. అద్దాలక్క గబుక్కున వెళ్ళి పళ్ళెం అందుకోకపోతే జారిపడేవే. ఆమెకి బుధవారం రాసి చింపిన నాలుగు మాటలు గుర్తొచ్చాయి. ఏ చేత్తో రాసిందో ఆ చేత్తోనే పళ్ళెం పట్టుకుని నిలబడింది.

"నువ్వా అమ్మా?" అన్నాడు భర్త.

"ఎడమ చెయ్యి లేవక కుడిచేత్తోనే ఊపుతున్నారన్నా" అంది ఆ అమ్మాయి నెమ్మదిగా. "రెండుసార్లు జారి, మళ్ళీ పట్టుకున్నారు. మరపడవ వచ్చేదాకా నేను కన్ను తియ్యలేదు. దీన్ని కంటి ముందునించి తీస్తే మునిగిపోతారేమోనని భయమేసింది."

ఆయన చెప్పే కథలో జారిన సంగతి ఎప్పుడూ లేదు. ఆయన పళ్ళెంలోంచి ఒక గ్లాసు తీసి రెండు చేతులతో ఆమెకి ఇచ్చాడు. ఆ పని మీదే మనసంతా పెట్టి ఇచ్చాడు. ఆమె కూడా రెండు చేతులతోనే అందుకుంది.

ఆఫీసరు తను మొదట పంపిన కాగితం అడిగి తీసుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు. "గది తుడిచేదెవరని అడిగాను, అద్దం తుడిచేదెవరని అడగలేదు. పొరపాటు నాదమ్మా" అన్నాడు. ఆ మాట అంటుంటే ఆయన మెడ కాస్త ఎర్రబడింది. గద్దన్న వైపు తిరిగి, "మీరు ఆ కుర్చీలో ఉండటానికి వీల్లేదు. రూలు నేను మార్చలేను. కింద రేడియో గదిలో మనిషి కావాలి, దానికి చెవులు చాలు. కుర్చీకి మాత్రం..." అని ఆగి, ఆ అమ్మాయిని చూశాడు. "వానాకాలం దాకా తాత్కాలికంగా పెడతాను. ఆ తర్వాత పరీక్ష ఉంటుంది, రాయాలి. నేర్పేవాళ్ళు ఉన్నారా?"

"ఉన్నారు సార్" అన్నాడు గద్దన్న.

అందరూ డాబా మీదికెక్కారు. బైనాక్యులర్ ఇంకా గద్దన్న కళ్ళ వెడల్పుకే, రెక్కలు చాపినట్టు ఉంది. "ఎవరి కళ్ళకి సరిచెయ్యమంటావన్నా?" అనడిగింది అద్దాలక్క, తెలిసి కూడా.

"ఆమె కళ్ళకి" అన్నాడు గద్దన్న.

ఆ అమ్మాయి దాన్ని ఎత్తి, అలవాటుగా ఎడమ కన్ను మూసింది.

"రెండూ తెరువే తల్లీ" అంది అద్దాలక్క. "పెట్టినవాడు ఊరికే పెట్టలేదు రెండు గొట్టాలు. ఇప్పుడేం కనిపిస్తోంది?"

"రెండు సున్నాలు."

అద్దాలక్క ఆమె వెనక నిలబడి, రెండు గొట్టాలూ పట్టుకుని, వాటిని కలిపే మధ్య మడతను కొద్దికొద్దిగా దగ్గరికి నొక్కింది. "ఒకటయ్యాక చెప్పు." కుడి రింగు తిప్పించింది. మొన్నటిదాకా రాయిలా ఉన్న ఎడమ రింగు ఆ అమ్మాయి రెండు వేళ్ళకే మెత్తగా తిరిగింది.

"ఒకటైంది" అంది ఆమె. "అక్కా... ఇది వేరేలా ఉంది. ఇంతకుముందు గోడమీద బొమ్మలా ఉండేది. ఇప్పుడు పడవ వెనక పడవ, దాని వెనక నీళ్ళు, వాటి మధ్య ఎంత చోటుందో!" కళ్ళకి ఆన్చుకునే మెల్లగా కొండ వైపు తిరిగింది. బడి గంట సన్నగా వినిపించింది. "వచ్చింది. ఒక జడ అప్పుడే ఊడిపోయింది దీనికి. మెట్టు మీద కూర్చుని బూటు కట్టుకుంటోంది."

"కట్టుకుందా?" అనడిగాడు గద్దన్న. రోజూ అలాగే అడిగేవాడు కాబోలు.

"కట్టుకుంది. ఎక్కుతోందన్నా."

అద్దాలక్క మడత బిగించే మరను పట్టుగా తిప్పింది. జేబులోంచి తెల్లరంగు సీసా, పుల్ల తీసింది. ఒకరి కళ్ళకి సరిపెట్టిన బైనాక్యులర్‌కి మడత దగ్గర గుర్తు పెట్టడం ఆమె అలవాటు, ఎవరైనా కదిపినా మళ్ళీ అక్కడికే తేవచ్చని. వణకకుండా, ఆ అమ్మాయి దించేదాకా కూడా ఆగకుండా, సరిగ్గా ఆ మడత దగ్గర చిన్న చుక్క పెట్టింది.

"ఆరేదాకా ముట్టుకోకు" అంది. "తుడవకు."